జారమని గీసిన గీత

మోహన రాగమే కదా అనుకోవడం నేను చేసిన తప్పు.

గాజువాకలో మా పై అంతస్తు ఆంటీ చర్చిలో కీబోర్డు వాయిస్తారు. చైనా పాటల పోకడలో వయొలిన్‌కీ పియానోకీ ఎవరో రాసిన రెండు నిమిషాల ముక్క తెచ్చి, రెండు వారాల తర్వాతి ఆదివారం అపార్ట్‌మెంటు వాళ్ల కార్యక్రమంలో ఇద్దరం వాయిద్దామన్నారు. పాప పుట్టాక నా వయొలిన్ పెట్టె మంచం కిందే ఉండిపోయింది. వాయించమని ఒకరు అడగడమే చాలనిపించింది. గీతల మీద చుక్కలు పెట్టి రాసే ఆ పాశ్చాత్య నొటేషన్ నాకు చదవడం రాదు. ఆమె ఒక్కో స్వరం వాయిస్తుంటే నోట్‌బుక్‌లో రాసుకున్నాను. స రి గ ప ద, అంతే. చిన్నప్పటి నుంచి వాయించిన మోహనమే.

ఇక వేలు ఊరుకుంటుందా? గాంధారం మీద ఊగుతుంది, ధైవతానికి జారుతుంది.

"మళ్లీ జారిపోనావేటమ్మా? నాను తిన్నగా కొడతంటే నువ్వు ఉయ్యాలూగుతన్నావు," అనేవారు ఆంటీ.

పాప మధ్యాహ్నం పడుకునే ముప్పావు గంటే, ఆంటీ కీబోర్డు తెచ్చుకుంటే, మా ఇంట్లో సాధన. నా సగం చెవి పాప ఉన్న పక్క గదిలోనే ఉండేది. మంచం చుట్టూ దిళ్లు పేర్చినా పడిపోతుందేమోనని భయం. రెండు వారాలు వేళ్లు బిగించి, శుక్రవారం ఎక్కడా జారకుండా చివరి వరుస దాకా వచ్చాను. ఆంటీ చేతులు ఆపేశారు.

"ఇక్కడ జారాలమ్మా."

"మీరేగా ఆంటీ జారొద్దన్నారు?"

"వద్దన్నకాడ జారీసి, జారాల్సినకాడ కర్రలా నిలబడితే ఎలాగ? ఇదిగో, గీత గీసుంది సూడు."

నిజమే, రెండు చుక్కల మధ్య ఏటవాలుగా ఒక గీత. మొదటి రోజే చూపించారట. నేను రాసుకోలేదు. మా గురువుగారి దగ్గర గమకాన్ని, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదు, అది వేలికే తెలియాలనేవారు. ఇప్పుడు వేలికీ తెలియదు, కాగితం మీదా లేదు. విసుగొచ్చి కమాను కింద పెట్టేశాను.

"రేపొక్కరోజే ఉంది. మొత్తం ఒక్కసారైనా రాకపోతే నానొక్కదాన్నే వాయించీత్తాను. ఏటనుకోకు," అన్నారు ఆంటీ.

మళ్లీ మొదలుపెట్టాం. సగంలో పాప లేచి, మంచం దిగి ఏడుస్తూ వచ్చింది. కుడికాలు చాపి, పాదం మీద వయొలిన్ తల ఆనించి కూర్చున్న నా ఒళ్లోకి ఎక్కబోయింది. మామూలుగా అయితే ఆపేసేదాన్ని. ఎడమ మోకాలు అడ్డుపెట్టాను. పాప నా చీర పట్టుకుని లాగుతోంది. చివరి వరుసలో, గీత ఉన్న చోటే, వేలు జారింది.

"వచ్చీసింది. ఇంక పిల్లనెత్తుకో."

ఎత్తుకుంటే ఒళ్లు వెచ్చగా తగిలింది. ఏడ్చినందుకా, జ్వరమా? రాత్రి ఇది రాసే లోపు నాలుగుసార్లు థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. ఆదివారం వాయిస్తాను. పాపకి ఆ మోకాలు అడ్డుపెట్టడం మాత్రం మనసులోంచి పోవడం లేదు.