మావయ్య పీకేసిన సున్నా

మొన్న పొద్దున్న కాఫీ తాగుతుంటే ఫోను టింగుమంది. మా నర్సరీలో ఏ మొక్కలు ఎన్ని ఉన్నాయో ఇంటిల్లిపాదీ కలిసి రాసుకునే జాబితా ఇప్పుడు ఫోన్లలోనే ఉంటుంది. అందులో నేను రాసిన మందారాల సంఖ్యను మా అమ్మాయి మార్చినట్టు కబురు. పెరట్లోంచే కేకేసింది: "నాన్నా, అయిదొందల మందారాలెక్కడున్నాయి? మూడొందలే. దిద్దేశాను!" నేనేం చెప్పినా అందులో కొంత తీసేసి వినడం మా ఇంట్లో ఆచారమే. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. చాలా ఏళ్ళ క్రితం రాజమండ్రిలో ఒక హోటల్లో, కంప్యూటరు మీద తడబడుతూ ఆగిన మా మావయ్య చూపుడువేలు గుర్తొచ్చింది.

అప్పట్లో మా వైపు ఇంటర్నెట్ అంటే పిల్లల పరీక్షా ఫలితాలు చూసుకునే చోటు, అంతే. కడియం దగ్గర మావయ్య నర్సరీలో రాతకోతలన్నీ నావి, మొక్కలన్నీ ఆయనవి. నలుగురూ ఒకే వెబ్ పేజీలో రాసుకుంటూ వ్యాపారం ఎలా చేసుకోవచ్చో చెప్పే సదస్సుకి రమ్మని ఒక ఉత్తరం వచ్చింది. ఊళ్ళో షాపున్న ప్రతివాడికీ అదే ఉత్తరం వచ్చింది గానీ, మావయ్యతో మాత్రం "మనల్ని ప్రత్యేకంగా పిలిచారు" అన్నాను. "భోజనం పెడతారంట్రా?" అని అడిగి బయల్దేరారాయన. హోటలు గుమ్మంలో క్రోటన్ కుండీ కనిపిస్తే వంగి గరిక పీకారు. కలుపు కనిపిస్తే అది ఎవరి కుండీ అని చూసే అలవాటు ఆయనకి లేదు. "అది మా తోటమాలి చూసుకుంటాడండీ," అన్నాడు గుమ్మం దగ్గర మనిషి. "చూసుకోలేదు కదయ్యా," అని ఆ గరికని జేబులో వేసుకున్నారు.

లోపల ఏసీ ఎంత చల్లగా ఉందంటే, ముందు వరసలో ఇద్దరు గడ్డకట్టుకుపోతే మధ్యాహ్నం సాంబారు పోసి కరిగించారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఒక అమ్మాయి పెద్ద తెర మీద ఖాళీ పేజీ చూపించింది. "ఎవరైనా రాయొచ్చు, ఎవరు రాసిందైనా ఎవరైనా దిద్దొచ్చు" అంది. రాయమంటే ఆగుతానా! అందరికన్నా ముందు లేచి వెళ్ళి మా నర్సరీ పేరు కొట్టాను. కింద, కోకో మొక్కలు సిద్ధం, 2000. అంతవరకూ నిజమే. చేతికి అలవాటు కదా, ఇంకో సున్నా దానంతటదే పడింది.

నా తరవాత వచ్చిన రైసుమిల్లు యజమాని కింద ఇలా రాశాడు: "పై నర్సరీవారు చాలా పెద్దలండి." జీడిపప్పు వ్యాపారి "అవునండి" అని చేర్చాడు. మూడో ఆయన వాళ్ళిద్దరికీ నమస్కారాలు రాశాడు. పేజీ పెరుగుతోంది గానీ అక్షరం చెరిపేవాడు లేడు. పాపం, ఆ అమ్మాయి బతిమాలింది: "తప్పుంటే దిద్దండి, ప్లీజ్!"

"ఎంత మాటమ్మా! పెద్దవాళ్ళు రాసింది మేం చెరుపుతామేంటండీ?" అన్నాడు మిల్లు యజమాని నొచ్చుకుని.

ఇంతలో జంగారెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒక రైతు నా పక్క కుర్చీలోకి జరిగాడు. "ఇరవై వేలున్నాయా అండీ? దేవుడు కలిపాడు. కొబ్బరి తోటలో వేద్దామని వేరేచోట పదివేల కోకో చెప్పుంచానండి, వాళ్ళు వాయిదాలేస్తున్నారు. వానలు పడేలోపు నాటకపోతే ఈ ఏడు పోయినట్టే. అది మానేసి మీ దగ్గరే తీసుకుంటానండి," అంటూ, మానేస్తున్నానని అక్కడికి చెప్పడానికి సెల్‌ఫోను తీశాడు.

ఆ ఏసీలో నాకు చెమట పట్టింది. ఇస్తానన్న మొక్క ఇవ్వలేదని మావయ్య ఎన్నడూ అనిపించుకోలేదు. అబద్ధమని చెబితే ఆయన పరువు పోతుంది. చెప్పకపోతే ఈ రైతు తోట పోతుంది. లేచి సున్నా తీసేద్దామంటే ఎలా? దాని కింద ముగ్గురు పెద్దమనుషులు సాక్ష్యం రాశారాయె!

నాకు ఇంకో పక్కన కూర్చుని అంతా విన్న మావయ్య లేచారు. కళ్ళజోడు సర్దుకుని తెర కేసి చూశారు, నాకేసి చూశారు. "ఏమ్మా, ఎవరు రాసిందైనా దిద్దొచ్చన్నావు కదా?"

"దిద్దొచ్చండి బాబాయిగారూ!"

"దేంతో పీకాలి?"

ఆ అమ్మాయి మీట చూపించింది. ఆయన వేలు గాలిలో కాసేపు తడబడి, దిగింది. సున్నా మాయమైంది. రైతు వైపు తిరిగి అన్నారు: "మా వాడు మొక్కల కన్నా సున్నాలు బాగా పెంచుతాడండి. ఉన్నవి రెండు వేలే. ఆ ఫోను జేబులో పెట్టుకోండి."

హాలంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఆ అమ్మాయైతే చప్పట్లు కొట్టేసింది: "పొద్దున్నుంచీ నేను మొత్తుకునేది ఇదేనండీ!" ఇంక చూడాలి, ఒక్కొక్కరూ లేచి ఎవరి గొప్పలు వాళ్ళే చెరుపుకున్నారు. భోజనాల వేళకి పేజీ అరచేతంతే మిగిలింది. రైతు మా రెండు వేలూ తీసుకుని, మిగతా ఎనిమిది వేలూ ముందు చెప్పుంచిన చోటే ఉంచుకున్నాడు. వానలకి ముందే నాటాడు కూడా.

తిరుగు బస్సులో మావయ్య అడిగారు: "ఏరా, అందరిలో పీకేశానని కష్టమేసిందా?"

"లేదు మావయ్యా, ప్రాణం లేచొచ్చింది," అన్నాను. నేను ఆయనతో కల్పించకుండా చెప్పిన మాటల్లో అదొకటి. ఆయన జేబులో గరిక తీసి కిటికీలోంచి పారేశారు.

ఆయన ఇప్పుడు లేరు. ఇన్నేళ్ళలో నా కథల్లోంచి కాలం చాలా సున్నాలు పీకేసింది. ఈ కథలో మాత్రం, ఆ గడ్డకట్టిన ఇద్దర్నీ తప్పిస్తే, కాలానికి తీయడానికేమీ దొరకలేదు.