లాంతరు మీద జింక

మా ఊళ్ళో ఫిబ్రవరిలో ఒక కార్నివాల్ జరుగుతుంది. చలికాలాన్ని ఊరు దాటిస్తామని డ్రమ్ములు వాయించుకుంటూ, వీధి దీపాలన్నీ ఆర్పించి, ఒక పెద్ద లాంతరును చక్రాల మీద మెయిన్ స్ట్రీట్ పొడవునా తోసుకుపోతారు. లాంతరంటే చేత్తో పట్టుకునేది కాదు. ఇద్దరు మనుషులు ఒకరి భుజాల మీద ఒకరు నిలబడినంత ఎత్తున చెక్క చట్రం కట్టి, నాలుగు వైపులా తెల్లగుడ్డ బిగించి, దాని మీద బొమ్మలు వేసి, లోపల దీపాలు పెడతారు. ఏటా ఊరిని ఏడిపించిన ఏదో ఒక సంగతిని ఆ బొమ్మల్లో వెక్కిరించడం ఆనవాయితీ. ఆ ఏడు జింకల వంతు వచ్చింది.

జింకలంటే నాకు అస్సలు పడదు. న్యూజెర్సీలో పెరడున్న తెలుగువాళ్ళెవరికీ పడదనుకుంటాను. కన్నబిడ్డలా పెంచిన నా గోంగూర మడిని ఒక్క పొద్దున మొదలంటా మేసి, ఇంకేమైనా ఉందా అన్నట్టు వంటింటి కిటికీలోకి చూసిన జింక ముఖం నాకింకా గుర్తే. అందుకే, ఈసారి లాంతరు మీద జింకలట అని మా అమ్మాయి కార్లో చెప్పగానే ఫోన్ పక్కన పెట్టి విన్నాను.

అమ్మాయి హైస్కూల్లో ఉంది, ఊరేగింపు డ్రమ్ముల బృందంలో వాయిస్తుంది. నేను దాని డ్రైవర్ని. పార్సిప్పనీలో ఆఫీస్ అయ్యాక దాన్ని ప్రాక్టీస్‌కి దింపి, పార్కింగ్‌లో హీటర్ వేసుకుని కూర్చునేదాన్ని. ఒక సాయంత్రం ఒక పెద్దావిడ వచ్చి కారు అద్దం తట్టింది. రిటైరైన డ్రాయింగ్ టీచరు. లాంతరు పనంతా ఆవిడ చేతుల మీదే నడుస్తుందని అమ్మాయి అంతకుముందే చెప్పింది. ఇంటి ముందు డ్రైవ్‌వే మీద చాక్‌పీసులతో మీరు పెద్ద పెద్ద ముగ్గులు వేస్తారటగా, ఒకసారి లోపలికి వస్తారా అని అడిగింది. మాట్లాడుతున్నంతసేపూ నా ముఖంలోకి కాక నా చెవి పక్కకి చూసింది. ఇదేం మర్యాద అనుకున్నాను.

లోపల అంటే ఒకప్పుడు ఫైరింజన్లు నిలిపిన షెడ్డు. బయటికన్నా లోపలే చలెక్కువ. ఒక మూల చిన్న హీటర్ ఉంది గాని అది తనను తాను వెచ్చబెట్టుకోడానికే సరిపోయేలా ఉంది. రంగు డబ్బాలు బిగుసుకుపోకుండా వేడినీళ్ళ బకెట్లో నిలబెట్టారు. షెడ్డు మధ్యలో లాంతరు. మూడు వైపులా బొమ్మలు అప్పటికే అయిపోయాయి. ఆవిడ స్విచ్ వేసింది.

అంతవరకూ వెలిసిన చీరల్లా ఉన్న రంగులు ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నాయి. మేయర్ కుర్చీలో కూర్చున్న జింక, స్కూల్ బస్సు నడుపుతున్న జింక, ఎవరి తోటలోనో నాప్‌కిన్ కట్టుకుని భోంచేస్తున్న జింక. సిమెంటు నేల మీద, నా కోటు మీద, ఆవిడ తెల్లజుట్టు మీద ఆ ఎరుపూ పసుపూ పాకాయి. చలి సంగతి మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడ్డాను. నాలుగో వైపు మాత్రం ఉత్త తెల్లగుడ్డ. అది లాంతరు ముఖం, ఊరేగింపులో ముందుకు ఉండేది. ఏటా ఆవిడే వేసేదట.

ఈ ఏడు వేయలేనని చెప్పింది. కళ్ళలో నడిమి చూపు పోయింది. ఎవరి ముఖమైనా సూటిగా చూస్తే అక్కడ ఏమీ ఉండదట, కాస్త పక్కనుంచి చూస్తే మనిషి ఆకారం మాత్రం తెలుస్తుందట. వచ్చే ఏటికి అదీ ఉంటుందన్న నమ్మకం డాక్టరుకి లేదు. మీకు తోచినట్టు వేయండి, నేను అడిగేది ఒక్కటే, అది నాకు కనపడాలి అంది. సరేనన్నాను. ఆ ఒక్క మాటతో ఎంత బరువు నెత్తికెత్తుకున్నానో అప్పుడు తెలియలేదు.

గుడ్డ నిండా ఒకే జింక, దాని ఒళ్ళంతా ఒకే మెలికల ముగ్గు అనుకున్నాను. చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీతను మెలికలు తిప్పుకుంటూ పోయి, బయలుదేరిన చోటికే తెచ్చి కలపాలి. ముగ్గు వంగి వేసేది. ఇక్కడ నిచ్చెనెక్కి తలెత్తి వేయాలి. తోక దగ్గర గీస్తుంటే కొమ్ములు కనపడవు. వేళ్ళు కొయ్యబారిపోయేవి. గ్లవ్స్ వేళ్ళ కొసలు కత్తిరించుకుని, బ్రష్ పట్టే చేతిని మధ్యమధ్య చంకలో దాచుకుంటూ వేశాను. గుడ్డంతా చిక్కటి నీలం పులిమి, దాని మీద తెల్లరంగుతో ముగ్గు. షెడ్డులో ఉన్న పల్చటి రంగులు నాకు ఆనలేదు. ఇంటి గోడలకు వేసే తెల్లరంగు కొనుక్కొచ్చి రెండు పూతలు వేశాను. ముగ్గుపిండి పల్చగా జారితే నాకు పండగ పూట కూడా కోపం వస్తుంది. మిగతావాళ్ళంతా శనివారాలు వచ్చేవాళ్ళు, నేను ఆఫీస్ అయ్యాక వెళ్ళేదాన్ని. తోడు ఆ పెద్దావిడ ఒక్కతే. స్టూలు మీద కూర్చుని బకెట్లో వేడినీళ్ళు మారుస్తూ ఉండేది. ఎలా వస్తోంది అని నన్నే అడిగేది. అద్భుతంగా వస్తోందని చెప్పేదాన్ని. ట్యూబ్‌లైటు వెలుగులో అది నిజమే.

కార్నివాల్‌కి వారం ముందు శనివారం అందరూ చేరారు. అమ్మాయి డ్రమ్ పక్కన పెట్టి వచ్చి, నా జింకను చూసి, ఫోన్ తీసి ఫొటోలు తీసింది. దాంతో నా ఛాతీ రెండంగుళాలు పెరిగిన మాట ఒప్పుకోవాలి. తరవాత ట్యూబ్‌లైట్లు ఆర్పి లాంతరులో దీపాలు వేశారు.

నీలం దివ్యంగా వెలిగింది. నడుమ నా జింక నల్లటి పేడముద్దలా నిలబడింది. మందంగా పూసిన తెల్లరంగు వెలుగునంతా మింగేసింది. పెద్దావిడ మెడ కాస్త తిప్పి, పక్కచూపుతో గుడ్డంతా మెల్లగా వెతికింది.

"జింక ఎక్కడుంది?" అని అడిగింది.

ఎకసెక్కం కాదు, నిజంగానే అడిగింది. నేను ఆఫీసులో చేసేది టెస్టింగ్, ఊళ్ళోవాళ్ళ తప్పులు పట్టి జీతం తీసుకునే మనిషిని. సిగ్గుతో వెళ్ళి కార్లో కూర్చుని తలుపేసుకున్నాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. కాసేపటికి ఆవిడ తడుముకుంటూ వచ్చి పక్క సీట్లో కూర్చుంది. లాంతరు మీద తెలుపును వేయరు, వదిలేస్తారు, ఆ మాట మీకు చెప్పాలని నాకు తట్టనే లేదు అంది. నిజమే, కాఫీలో ఉప్పు వేయకమ్మా అని ఎవరు మాత్రం ముందుగా చెబుతారు? కానీ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు తెలుపంటే పిండి. వేళ్ళ సందుల్లోంచి నేల మీదికి జారవిడిచేది. వదిలేస్తే మిగిలేది తెలుపు ఎలా అవుతుంది?

మర్నాడు పొద్దున మంచు కురిసి డ్రైవ్‌వే మీద తెల్లగా పరుచుకుంది. చీపురూ చేటా తీసుకుని వంగాను. గీత ఉండాల్సిన చోట మంచును ముట్టుకోకుండా, గీతకు అటూ ఇటూ మాత్రం ఊడ్చి ఎత్తిపోశాను. కింద నల్లటి తారు బయటపడుతున్నకొద్దీ నేను వేయని ముగ్గు నా కళ్ళ ముందు తేలింది. ఇన్నేళ్ళుగా వేస్తున్న ముగ్గును మొదటిసారి చూసినట్టుంది.

ఆ సాయంత్రమే పాత గుడ్డ పీకేసి మిగిలిన కొత్త గుడ్డ బిగించాం. పెన్సిల్‌తో ముగ్గు గీసి రంగు అందుకునేసరికి అలవాటు కొద్దీ బ్రష్ మళ్ళీ గీత మీదికే పోయింది. అమ్మాయి నా మణికట్టు పట్టుకుంది.

"అమ్మా, లైన్‌ని టచ్ చెయ్యకు. అది అలానే ఉండనీ. రెస్ట్ అంతా మనం ఫిల్ చేద్దాం."

వారమంతా ఇద్దరం మెలికల సందులు నింపాం. చలికి రంగు ఆరకపోతే హెయిర్ డ్రయర్ పెట్టి ఆరబెట్టింది అది. ఒక రోజు దీపాల వైర్లు సర్దడానికి లాంతరు లోపలికి దూరాను. నాలుగు వైపులా రంగులు, నా ముందు నీలం. అవతల నా కూతురు చేయి నీడ గీత అంచు వెంట మెల్లగా కదులుతోంది. గుడిలో నిలబడ్డప్పుడు కూడా నాకు అంత నిశ్శబ్దం దొరకలేదు. అలాగే ఉండిపోయాను, అమ్మాయి పిలిచేదాకా.

కార్నివాల్ రోజు పొద్దుగుంకాక వీధి దీపాలు ఆరిపోయాయి. లాంతరు ముఖం వేసిన మనిషి ఊరేగింపులో దానికి ముందు నడవాలని వాళ్ళ ఆచారం. ఏటా నేనే, ఈ ఏడు మీరూ నాతో నడవాలి అని పెద్దావిడ నా చేయి పట్టుకుంది. షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి. లోపల దీపాలు వెలిగాయి. చీకట్లోంచి ఆ జింక బయటికొచ్చింది, ఒళ్ళంతా ఒకే ఒక్క వెలుగు గీత. అది నా చేతిలోంచి వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు.

ఆవిడ మెడ పక్కకు తిప్పి చూసింది. ఆవిడ చేయి గాల్లోకి లేచింది. చూపుడు వేలు జింక మెడ దగ్గర మొదలై, వీపు మీదుగా, తోక చుట్టి, కాళ్ళ వెంట మెలికలు తిరుగుతూ, తడబడుతూ, ఆగుతూ, మళ్ళీ మెడ దగ్గరికే వచ్చింది.

"కలిసింది" అంది.

డ్రమ్ములు మొదలయ్యాయి, వాటిలో ఒకటి మా అమ్మాయిది. అందరం ముందుకు కదలాలి. ఆవిడ కదిలింది గాని లాంతరుకు వీపు తిప్పలేదు. జింక వైపు ముఖం పెట్టి, జనానికి వీపు పెట్టి, మెయిన్ స్ట్రీట్ పొడవునా వెనక్కి నడిచింది. ఎక్కడ గుంట ఉందో, ఎక్కడ మంచు గట్టిపడి జారుతుందో చెబుతూ నేను ఆవిడ మోచేయి పట్టుకుని నడిపించాను.