వేటకెళ్లేవాళ్లకు చెప్పని మాట

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున మా ఊరు. బావ తెచ్చిన చేపల్ని గంపకెత్తుకుని ఊరూరా అమ్మి నన్ను చదివించింది.

నేను విజయనగరంలో పరిశోధన చేసేదాన్ని. ఎమ్మారై స్కాన్‌లో రోగం తేటగా కనిపించడానికి నరంలోకి ఒక మందు ఎక్కిస్తారు. మామూలుగా అది ఒళ్లంతా తిరుగుతుంది. దాన్ని క్యాన్సర్ కణాలకే అతుక్కునేలా చెయ్యడం నా పని. సెలవులకి వెళ్లినప్పుడు అక్కకి ఇదంతా చెప్తే, కత్తిపీట ముందు కూర్చుని చేపలు కోస్తూ వింది.

"అంటే ఆ రోగానికి ఎరేత్తన్నావన్నమాట. గడ్డ సిన్నదైనా దొరుకుతాదేటి?"

"బఠాణీ గింజంతున్నా తెల్లగా మెరుస్తాది."

"మనుసులకెప్పుడిస్తారే?"

"సానా ఏళ్లు పడతాదక్కా. ఇప్పటికి ఎలకలకే."

అక్క చెయ్యి ఆగి, మళ్లీ కదిలింది. నా చదువు మీద ఎంత ఆసక్తో అని నేను మురిసిపోయాను.

ఎలుకలో గడ్డ తొలిసారి తెల్లగా వెలిగిన రోజు, ఆ బొమ్మ వాట్సాప్‌లో పంపి ఫోన్ చేశాను. బావ ఎత్తాడు.

"మీ యక్క సంతకెళ్లినాది" అన్నాడు. వెనక ఎవరో వరసగా పేర్లు పిలుస్తున్నారు. బస్టాండనుకున్నాను.

తర్వాత స్వీట్లు పట్టుకుని ఊరెళ్తే, వీధి మొదట్లోనే పక్కింటి పిన్ని ఆపింది.

"మీ యక్కకి రొమ్ము తీసీసినారే. మనిసి సిక్కిపోనాది. ఇప్పుడొచ్చినావేటి?"

ఊరందరికీ తెలుసు, నాకు తప్ప. ఒళ్లు మండిపోయింది.

అక్క మంచం మీద ఉంది. రోగం ఊపిరితిత్తులకి పాకిందని బావ గోడకేసి చూస్తూ చెప్పాడు.

"నాకెందుకు సెప్పలేదే?" అని అక్క మీద అరిచాను.

"ఏటకెల్లేవోడికి సెడ్డ కబురు సెప్తామేటే? వల కాళీగా వొచ్చెత్తాది. నువ్వూ ఏటలోనే ఉన్నావు గదా."

మా ఇళ్లలో అంతే. పడవ ఒడ్డుకొచ్చేదాకా చావు కబురైనా చెప్పరు. కానీ నేను వెళ్లింది ఏ సముద్రం మీదకి? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను.

"నీకు నా మందెందుకక్కా? సేపలు కోస్తా అడిగిన ఆ రోజే సెప్పుంటే మామూలు స్కానింగే సరిపోయీది!"

అక్క దిండు కింద నుంచి ఫోన్ తీసి ఎలుక బొమ్మ చూపించింది.

"ఎంత బాగా వొచ్చినాదో సూడు. మా సెల్లి సేసిందని ఆస్పత్రిలో అందరికీ సూపించినాను."

ఆ ఏడే పోయింది. నాకింకా అక్క మీద కోపమే. నా ఎలుక గడ్డని ఊరూ పేరూ తెలియని వాళ్లకి చూపించుకుంది, తన గడ్డని మాత్రం నాకు చూపించలేదు.