వంతెన మీది బురద

ఈ ఉదయం మేముండే బాతెల్‌ ఊళ్ళో వాన వెలిసింది. డ్రైవ్‌వే మీద తడిసిన మేపుల్ ఆకులను చీపురుతో లాగుతుంటే వచ్చిన పచ్చి వాసనకు హెన్రీ అంకుల్ గుర్తొచ్చారు. మా పక్కింట్లో ఒంటరిగా ఉండేవారు. రెండేళ్ళ క్రితం పోయారు. వయసులో ఉండగా ఆయన ఓ చిన్న బ్రిటిష్ వలస ప్రాంతంలో సరిహద్దు జిల్లాకు అధికారి. నది అవతలి పెద్ద దేశం ఆ ప్రాంతమంతా తనదేనంటూ పటాలు అచ్చు వేసుకునేది. ఆ చోటు పేరు మాత్రం ఎంత అడిగినా చెప్పేవారు కాదు. "ఇప్పటికీ ఎవరో ఒకరు నొచ్చుకుంటారు" అనేవారు.

నేను రెడ్‌మండ్‌లో నలుగురున్న టీమ్‌కి లీడ్‌గా ఉన్న రోజుల్లో, పక్కనున్న పెద్ద టీమ్ మమ్మల్ని తనలో కలిపేసుకోవాలని చూసింది. కలిస్తే మావాళ్ళలో కొందరి ఉద్యోగాలు పోతాయి. వీసా మీదున్న సందీప్‌ది ముందు పోతుంది. "అక్కా, వాళ్ళ కోడ్‌లో బగ్ ఉంటే నేనే ఫిక్స్ చేసిన. ఇప్పుడు దాని మీదనే కంప్లైంట్ చేసిండ్రు, మనం వాళ్ళ పనిలో చెయ్యి పెడుతున్నమంట" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పైవాళ్ళకు ఘాటుగా మెయిల్ కొట్టాలని నిశ్చయించుకుని, ఆ కోపంతోనే కంచె దగ్గర నిలబడి హెన్రీ అంకుల్‌కి అంతా చెప్పాను.

ఆయన తాపీగా విని తన వంతెన సంగతి ఎత్తారు. నది మీది వంతెనలో సగం వీళ్ళది, సగం అవతలి పెద్ద దేశానిది. రోజూ ఉదయం ఎవరి సగం వాళ్ళు ఊడ్చుకునేవారట. ఒకసారి వరద తగ్గాక, సంతకొచ్చే జనం జారిపడతారని ఈయన మనుషులను పెట్టి అవతలి గట్టుదాకా బురద ఎత్తించేశారు. సాయంత్రానికల్లా ఆ గట్టున సైనికులు దిగారు. తమ నేల మీద పెత్తనం చేశారని వాళ్ళ ఆరోపణ.

"మరి మీరేం చేశారు?"

"గంప నెత్తిన పెట్టుకుని, ఆ బురద మోసుకెళ్ళి వాళ్ళ సగం మీద మళ్ళీ పోశాను. అందరూ చూస్తుండగానే."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు.

"వాళ్ళ కెప్టెన్ కాసేపు నన్నే చూసి, తనవాళ్ళ చేత అదే బురద ఎత్తించాడు. శనివారం సంత మామూలుగా జరిగింది. చిన్న చోటును ఏలేవాడు తన పరువును కాస్త జేబులో పెట్టుకోవాలి. నువ్వు నీ నలుగురి సంగతి చూసుకో" అన్నారు.

ఆ మెయిల్ రాయలేదు. మర్నాడు సందీప్ చేసిన మార్పు తీయించి, పెద్ద టీమ్ లీడ్ దగ్గరకు వెళ్ళి, అడక్కుండా చేసినందుకు సారీ చెప్పాను. మొహాన నవ్వు తెచ్చుకోవడానికి ఎంత అవస్థ పడ్డానో నాకే తెలుసు. వారం తిరక్కుండా వాళ్ళే అదే ఫిక్స్ పెట్టుకున్నారు. కలిపేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఈమధ్య సందీప్ గ్రీన్‌కార్డ్ వచ్చిందని ఫోన్ చేస్తే, వాడు ఎన్నడూ చూడని ఆ ముసలాయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

హెన్రీ అంకుల్ ఇంట్లోకి కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళ వైపూ ఆకులు పేరుకుని ఉన్నాయి. నా చీపురు హద్దు దగ్గర ఆగింది. వెళ్ళి తలుపు తట్టి, మీ వైపు కూడా ఊడ్చనా అని అడిగాను. తలుపు తీసినావిడ ఆశ్చర్యపోయి, సంతోషంగా సరేనంది.

ఆయన వాకిలి చివరిదాకా ఊడ్చాను.