టెక్లమ్మ చేతి తేనె

టెక్లమ్మ వంటలో దేన్నీ కొలవదు. తలకు పూల రుమాలు బిగించి, ఒక చెయ్యి నడుముకు ఆనించి, రెండో చేత్తో ఉప్పు విసురుతుంది. మా చర్చి ఆడవాళ్లు లెక్క అడిగితే "చేతికి తెలుసు" అంటుంది. తన మామగారి తండ్రి ఉక్రెయిన్ నుంచి కెనడాలోని ఈ సస్కాచెవాన్ మైదానాలకొచ్చి, మొదటి చలికాలం మట్టి తవ్వుకుని అందులో బతికాడన్న కథ చెబుతూనే ఇంటిల్లిపాదికీ వండేస్తుంది. పాత క్యాలెండర్ ప్రకారం జనవరిలో వచ్చే మా క్రిస్మస్ ముందు సాయంత్రం, తొలి చుక్క పొడవగానే, ఉడికిన గోధుమల్లో గసగసాలు, తేనె కలిపిన కుత్యాను ఇంటిపెద్ద చెంచాతో పైకప్పుకేసి కొట్టాలి. ఎన్ని గింజలు అతుక్కుంటే అంత పంట. భర్త పోయాక ఆ పని కొడుకు నెస్టర్‌ది.

రెండేళ్లుగా సరైన వానల్లేవు. మొన్న నెస్టర్ విసిరిన ముద్ద ఒక్క గింజ రాలకుండా అతుక్కుపోయింది. పిల్లలు ఎగిరి గంతులేశారు.

"పైకప్పుకి కొత్తగా వేయించిన రంగు పాడైంది అత్తయ్యా!" అంది కోడలు బెవర్లీ.

"పంట రానీ, ఇల్లంతా మళ్లీ వేయిస్తాలే!"

నెస్టర్ తన గిన్నెలోది నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. గొంతు దిగనంత తీపి, చెంచాను వదలనంత తేనె జిగురు. వడగళ్లకు చేను దెబ్బతిన్నాక వచ్చిన క్రిస్మస్‌కి, నాన్న చనిపోయాక వచ్చిన క్రిస్మస్‌కి తిన్న కుత్యా కూడా ఇంతే తీపి. తల్లి వైపు వంగి మెల్లిగా అడిగాడు.

"అమ్మా, ఈసారి అంత భయంగా ఉందా?"

టెక్లమ్మ అతని గిన్నెలో ఇంకో గరిటె వేసింది.

"నోరు మూసుకుని తిను."