దకావె మడిలో బంగారు నత్తలు

మా అగినాయా పిన్నికి నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఎవరికేం పెట్టినా గుమ్మరించేది. ఆ పెద్ద చెయ్యే చివరికి కూతురి కొంప ముంచింది.

మా ఇఫుగావో కొండల్లో మళ్లు మెట్లు మెట్లుగా దిగుతాయి. అన్నిటికన్నా పై మడి పిన్నిది. నాట్లప్పుడు మొదటి నారు ఆమె చేత్తోనే బురదలో పడాలి. అప్పటిదాకా కింద ఎవరూ నారు ముట్టుకోరు. కూతురు పెళ్లయి వేరు పడితే, తల్లి తన మడిలోని నల్ల నత్తలు ఏరి కూతురి మడిలో వదులుతుంది. ఆ ఇంట్లో కూరకి లోటు ఉండకూడదని. నల్ల నత్త నెమ్మదస్తురాలు. పాచి తిని, నాలుగు పిల్లల్ని ఈని, తన బురదలో తాను పడి ఉంటుంది.

పిన్ని కూతురు దకావె వేరు పడిన ఏడే, మైదానం నుంచి ఎవరో వచ్చి బంగారు రంగు నత్తలు పంచిపెట్టారు. ఒక్కొక్కటి పిడికిలంత. పెంచుకు తినమన్నారు. పిన్ని మురిసిపోయింది.

"గోళీకాయంత నల్లవి ఎవడిక్కావాలే? నా పిల్లకి ఇవే పెడతా."

"ఊరూ పేరూ తెలీని నత్త పిన్నీ. దాని గుణమేంటో చూడొద్దూ?" అన్నాను.

"నీకు కుళ్లు! మీ అమ్మ నీకు గుప్పెడేగా వదిలింది."

బుట్టెడు తీసుకెళ్లి దకావె మడిలో వదిలొచ్చింది.

కొన్నాళ్లకి గట్ల రాళ్ల మీద, వరి కాడల మీద గులాబీ రంగు గుడ్లు గుత్తులు కట్టాయి. పూసల్లా ఉన్నాయని మురిసిపోయాం, సిగ్గులేని వాళ్లం. ఒక్కో గుత్తిలో వందల పిల్లలున్నాయని ఎవరికి తెలుసు? మరుసటి నాట్లకి మడి నిండా అవే. దకావె నాటిన లేతనారు తెల్లారేసరికి లేదు. తెగిన ఆకులు నీళ్ల మీద తేలుతున్నాయి. ఏరిపారేసి మళ్లీ నాటింది. మళ్లీ తినేశాయి. మా వరి ఏడాదికి ఒక్కటే పంట. దకావె దగ్గర ఇక నారు లేదు. పైగా నిండు చూలాలు.

మైదానంలో ఈ నత్త పడితే మడిలో నీళ్లు తీసేస్తారట. తడి లేకపోతే ఈ నత్త మూత బిగించుకుని బురదలో పడుకుంటుంది. అది విని అల్లుడు పుగొంగ్ గండి కొట్టబోతే దకావె అడ్డం పడింది.

"ఎండితే గట్టు బీటలిచ్చి కూలుద్ది. రేపు నీ బిడ్డకి మడి కూడా లేకుండా చేస్తావా?"

కింది మడి దులావాన్ మామ అప్పుడే వచ్చాడు. "నీ కూతురి సారె నీళ్లతో పాటు మా మళ్లలోకీ దిగింది చెల్లెమ్మా," అన్నాడు పిన్నితో. ఎవరికైనా సరే ఎదురు చెప్పే పిన్ని, వంగి గట్టు మీది గుడ్లు గీకి పారెయ్యసాగింది. నాకు జాలి వేసింది, ఒళ్లు కూడా మండింది.

మర్నాడు చూస్తే పిన్ని తన మడిలో దిగి, నాటుకున్న పైరు వేళ్లతో సహా పీకుతోంది. అందరికన్నా ముందు నాటింది కాబట్టి ఆ కాడలు ముదిరాయి. ముదురు కాడ జోలికి ఆ నత్త పెద్దగా పోదు, దకావె మడిలో నాటితే నిలుస్తాయి.

దకావె పొట్ట పట్టుకుని పైకెక్కి వచ్చింది. "అమ్మా, ఏంటిది? ఇదంతా నాకు పెట్టేస్తే ఏడాదంతా నువ్వేం తింటావే?"

"నత్తలు తింటా. తెచ్చింది నేనేగా."

దకావె గట్టు మీద కూలబడి ఏడ్చింది. పిన్ని తల ఎత్తలేదు, పీకడం ఆపలేదు.