సీసా పట్టుకున్న చెయ్యి

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో కోరుట్లలో ఉద్యోగుల దీక్షా శిబిరం హాజరు పుస్తకం నా దగ్గర ఉండేది. బడిపంతుల్ని కదా, దస్తూరీ బాగుంటుందని నాకు అప్పగించారు. సమ్మెలో ఉన్నవాళ్ళందరూ పొద్దున పదింటికి టెంటు కిందికి వచ్చి సంతకం పెట్టి, సాయంత్రం దాకా కూర్చోవాలి. మొదటి వారం అలాగే జరిగింది. రెండో వారం ఒకరి పొలంలో మోటారు కాలింది, ఇంకొకరి అత్తగారింట్లో పెళ్లి పడింది. పుస్తకంలో పేరు లేకపోతే ద్రోహి అంటారు కాబట్టి రానివాళ్ళ సంతకాలు నేనే పెట్టడం మొదలుపెట్టాను. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. నేనైతే ఐక్యత అనుకున్నాను. నెల తిరిగేసరికి కొందరి సంతకాలు వాళ్ళకంటే నాకే బాగా కుదిరాయి.

పశువుల డాక్టరు సంతకం అన్నిటికంటే తేలిక. ఒక వంకర గీత, దాని కింద రెండు చుక్కలు. ఆయన రోజూ నా పక్కనే కూర్చునేవాడు.

మా అక్కది కథలాపూర్ దగ్గర ఊరు. బావ సిరిసిల్లలో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తూ అక్కడే ఉండేవాడు, పదిహేను రోజులకోసారి వచ్చిపోయేవాడు. అక్క బీడీలు చుట్టుకుంటూ ఒక బర్రెను సాకేది. ఆ బర్రె ఈనిన మూడో రోజు టెంటులో ఉండగా అక్క ఫోన్ చేసింది.

“తమ్మీ, బర్రె కూలవడ్డది. మెడ పక్కకు పెట్టుకున్నది, లేపితె లేస్తలేదు. డాక్టరు సారు నీ పక్కకే కూసుంటడన్నవ్ గద, జర పంపియ్యి.”

మనుషుల ఆసుపత్రిలో అత్యవసర కేసులకు సమ్మె నుంచి మినహాయింపు ఉండేది. బర్రెల సంగతి ఎవరూ తేల్చలేదు. నేను డాక్టరు చెవిలో విషయం చెప్పాను.

“సమ్మెల ఉండి నేను పోతె మాటొస్తది సార్” అన్నాడాయన.

“మీ సంతకం నేను చూస్కుంట. మూడింటికి పెద్ద లీడర్లొస్తున్నరు, ఫోటోలు దిగుతరు. గప్పటికల్ల జల్ది చేస్కొని రాండ్రి” అన్నాను.

జల్ది అన్న మాట నాదే. ఆయన బండి రోడ్డెక్కకముందే గీత గీసి రెండు చుక్కలు పెట్టేశాను.

తర్వాత జరిగింది అక్క చెప్పగా విన్నాను. ఆయన బర్రెను చూసి, ఒంట్లో కాల్షియం పడిపోయిందని చెప్పి, మెడ నరంలో సూది గుచ్చాడు. గొట్టం తగిలించిన సీసా అక్క చేతికిచ్చి పైకెత్తమన్నాడు. అక్క ఎత్తింది. “ఇంక పైకి” అన్నాడు, గడియారం చూసుకుంటూ. అక్క పొట్టి మనిషి, రోలు మీదికెక్కి చెయ్యి చాచింది. ఆ మందు నరంలోకి మెల్లమెల్లగా, గుండె కొట్టుకోవడం చూసుకుంటూ పోవాలట. సీసా ఎంత ఎత్తుకు పోతే మందు అంత జోరుగా దిగుతుందట. ఇవన్నీ మాకు తర్వాత తెలిసిన సంగతులు. సగం సీసా కాకముందే బర్రె వణికి, ఒక్కసారి బుసకొట్టి, కాళ్ళు చాచేసింది. డాక్టరు సూది పీకి, గుండె వీకున్నదని చెప్పి బండెక్కాడు.

మూడింటికి ఐదు నిమిషాల ముందే టెంటులో ఉన్నాడు. ఎట్లుందని అడిగితే “లేట్ చేసిండ్రు సార్” అన్నాడు. ఫోటోలో ఇద్దరం ముందు వరుసలో పిడికిళ్ళెత్తి ఉన్నాం.

అక్క పాలు పోయాయని ఏడవలేదు. “సీసా ఎత్తింది నేనే తమ్మీ. నా చేతులతోనె సంపిన” అనేది, మళ్ళీ మళ్ళీ అదే మాట. తల్లిలేని దుడ్డెకు నీళ్ళు కూడా పక్కింటావిడతో పెట్టించింది. తన చెయ్యి మంచిది కాదని. బీడీలు మాత్రం చుట్టేది, ఆకుకు ప్రాణం ఉండదు కాబట్టి.

ఆ మందు సంగతి కథలాపూర్‌లో మందుల దుకాణమాయన చెప్పగా విని, బావ సిరిసిల్ల నుంచి వచ్చి ఫిర్యాదు చేద్దామన్నాడు. పోలీసు స్టేషన్‌లో జమేదారు ఓపికగా విన్నాడు. “ఎవలన్న విషం పెట్టిండ్రా? గొడ్డలితోని కొట్టిండ్రా? డాక్టరు సూదిచ్చిండు, బర్రె సచ్చింది. గిండ్ల ఏమని రాయాలె?” అన్నాడు. జగిత్యాల పోతే కోర్టు బహిష్కరణలో ఉంది. వకీలు వాళ్ళ టెంటులో దొరికాడు, సలహా అక్కడే ఇచ్చాడు. పశువుల డాక్టరు నిర్లక్ష్యం మీద ఆయన శాఖకు రాయవచ్చు, లైసెన్సు ఇచ్చిన కౌన్సిల్‌కు రాయవచ్చు, వినియోగదారుల ఫోరానికీ పోవచ్చు.

“పోస్టుమార్టం కాయితం ఉన్నదా?” అని అడిగాడు.

లేదు. మా దగ్గర చచ్చిన గొడ్డును పొద్దుగూకేదాకా వాకిట్లో ఉంచరు. ఊరవతలికి పంపేశాం.

“ఫికర్ చెయ్యకుండ్రి. ఉంచినా గా పోస్టుమార్టం చెయ్యాల్సింది ఆయననే” అని వకీలు ధైర్యం చెప్పాడు.

శాఖకే రాశాం. సమ్మె ముగిశాక డాక్టరు జవాబు నకలు అక్క ఇంటికి వచ్చింది. ఆ రోజు తాను శిబిరం విడిచి వెళ్ళలేదని, హాజరు పుస్తకమే సాక్ష్యమని, మందు యజమానురాలే తెలియక ఎక్కించి ఉంటుందని రాశాడు. పుస్తకం జిరాక్సు జతచేశాడు. గీత, రెండు చుక్కలు. బావ దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

“గీ పుస్తకం రాసినోన్ని దొరకవడితె అన్నీ తేలుతయ్” అన్నాడు.

నేను అన్నం తింటున్నాను. ఇంకో ముద్ద కలుపుకున్నాను. అక్క మాత్రం “సూడు, కాయితంల గూడ నేనే అని రాసిండ్రు” అంది. నాకు ఒళ్ళు మండింది. నేను పెట్టిన సంతకంతో మా అక్క నెత్తిన బర్రె చావు పెట్టాడు. కోపంలో సగం నా మీదే, కానీ ఆ సగాన్ని అప్పటికి పక్కన పెట్టుకున్నాను.

విచారణలో నిజం చెప్పేస్తానని టెంటు మిత్రులకు చెప్తే ఎవరికీ నచ్చలేదు. ఒక్కటి దొంగదంటే అన్నీ దొంగవంటారని, ఉద్యమానికి మచ్చ వస్తుందని నచ్చజెప్పారు. ఉద్యమం అంటే నాకూ ప్రాణమే. కానీ మా అక్క కూడా ఆ రాష్ట్రంలోనే బతకాలి కదా.

విచారణ జగిత్యాలలో పశువుల శాఖ ఆఫీసులో జరిగింది. విచారణాధికారి కూడా పశువైద్యుడే. పుస్తకం తెరిచి ఈ సంతకం ఎవరిదన్నాడు. డాక్టరు తనదన్నాడు. నేను లేచి నాదన్నాను. బావ నా వైపు తిరిగి చూశాడు. అధికారి ఇద్దరికీ చెరొక తెల్లకాగితం ఇచ్చి పెట్టమన్నాడు. డాక్టరు తొందరగా గీసేసరికి మూడు చుక్కలు పడ్డాయి. నాది పుస్తకంలో ఉన్నట్టే పడింది.

అధికారి మిగతా పేజీలు తిప్పుతూ ఒక్క క్షణం ఆగాడు. ఆయన కూడా జగిత్యాల టెంటులో నెలంతా హాజరైన మనిషి. పుస్తకం మూసి పక్కన పెట్టాడు.

తర్వాత అక్కను పిలిచి సీసా ఎంత ఎత్తుకు పట్టావని అడిగాడు. అక్క మునివేళ్ళ మీద లేచి చెయ్యి పైకి చాచి చూపింది. “రోలు మీదికెక్కి గింత ఎత్తు సారూ” అంది. అధికారి కలం కింద పెట్టాడు.

“ఎవలు ఎత్తుమన్నరు?”

“సారే.”

నేను జల్ది రమ్మన్న మాట డాక్టరు చెప్పలేదు, చెప్తే వెళ్ళినట్టు ఒప్పుకోవాలి. నేనూ చెప్పలేదు. నాకు అలాంటి కారణం కూడా లేదు.

కొన్ని నెలలకు ఉత్తర్వు వచ్చింది. డాక్టరుకు హెచ్చరిక, బదిలీ. బదిలీ అయిన ఊళ్ళోనూ బర్రెలున్నాయి. కాగితం పట్టుకుని అక్క దగ్గరికి పోయి, మందు ఎక్కించిన బాధ్యత పూర్తిగా డాక్టరుదేనన్న వాక్యం రెండుసార్లు చదివాను. అక్క చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతూ వింది. ఇక దాచుకోలేకపోయాను.

“అక్కా, ఆయనను జల్ది రమ్మన్నది నేనే. ఫోటోలకని. గా తొందర నాదే.”

అక్క చేతిలో బీడీ పూర్తిచేసి దారం కట్టింది.

“గా మందు ఎంత మెల్లగ ఎక్కియ్యాల్నో నీకెర్కనా?”

“లేదక్కా.”

“నాకు ఎర్కుండెనా?”

“లేదు.”

“మన ముగ్గురిల ఎర్కున్నోడు ఆయనొక్కడే తమ్మీ” అంది.